దుప్పట్ల గోదాముకు తగిన మనిషి

వరదలొస్తే జనానికి పంచడానికి కొని ఉంచిన దుప్పట్ల గోదాముకు రాత్రి కాపలాదారు కావలెనని పురపాలక సంఘం వారు ప్రకటించారు. అభ్యర్థికి నాయకత్వ లక్షణాలు, దూరదృష్టి, బృందంతో కలిసి పనిచేసే నేర్పు ఉండాలన్నారు. కాపలాకు ఉండేది ఒక్కడే కదా, బృందం ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అలా అడిగేవాళ్లకు ఉద్యోగాలు రావని అందరికీ తెలుసు.

ఆ ఉద్యోగం మన కునుకుకు వచ్చి తీరాలి. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉండేది గానీ, మూడు చోట్ల కాపలా కాస్తూ నిద్రపోయి, మూడు ఉద్యోగాలూ ఊడగొట్టుకున్నాక లోకం ఈ పేరు ఖాయం చేసింది. ఇదీ రాకపోతే పుట్టింటికి పోతానని భార్య పెట్టె సర్ది గుమ్మం పక్కన పెట్టుకుంది. కునుకుకు భార్యంటే ప్రాణం. ఆ పెట్టెను చూసినప్పుడల్లా దిగులు పుట్టేది, ఆ దిగులుకు వెంటనే నిద్ర ముంచుకొచ్చేది.

కాపలా కాయడం నేర్పే బడి ఊళ్లో ఒక్కటీ లేదు. ఇంటర్వ్యూలో ఏం చెప్పాలో నేర్పేవి మాత్రం వీధికి రెండున్నాయి. కునుకు ఒకదాంట్లో చేరాడు.

"నీ బలహీనత ఏమిటోయ్?" అన్నారు మాస్టారు.

"కూర్చుంటే చాలండీ, నిద్రొచ్చేస్తుంది."

మాస్టారు చెవులు మూసుకున్నారు. "తప్పు, తప్పు! లోకంలో బలహీనత అనేదే లేదు. చెప్పుకోవడం చేతకానివాళ్లున్నారంతే. నువ్వు ఎంత ఒత్తిడిలోనైనా ప్రశాంతంగా ఉండగలవు. ఏదీ, అను."

కునుకు అన్నాడు. రెండోసారి అనబోతూ నిద్రపోయాడు. సాధన అంటే ఇదీ అని మాస్టారు మిగతావాళ్లకు చూపించారు.

ఇంట్లో భార్య వదిలిపెట్టేది కాదు. పొయ్యి ముందు పీట మీద కూర్చుని, "అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అని అడిగేది. "మీరు కూర్చున్న చోట" అని అప్పజెప్పేవాడు కునుకు. "అయిదేళ్లెందుకు, ఇప్పుడే కూర్చోండి" అని ఆమె గరిటె చేతికిచ్చి లేచిపోయేది.

అదే ఉద్యోగానికి పక్కవాటా తాతయ్య కూడా దరఖాస్తు పెట్టాడు. ఆయనకు రాత్రిళ్లు నిద్ర పట్టదు. వీధికుక్కలు పడుకున్నా ఆయన పడుకోడు. గోడ మీద పిల్లి నడిచినా "ఎవర్రా అది?" అంటాడు. ఆయన ఉన్నాడన్న ధైర్యంతో ఆ వీధిలో సగంమంది తలుపు గడియ వేసుకోవడం మానేశారు.

ఇంటర్వ్యూలో పురపాలక సంఘం అధ్యక్షులవారు తాతయ్యను తన గురించి చెప్పుకోమన్నారు.

"చెప్పడానికేముంది బాబూ, తెల్లవార్లూ మెలకువగా ఉంటాను."

"ఎందుకని?"

"నిద్ర పట్టదు."

సభ్యులు ముఖాలు చూసుకున్నారు. మనిషికి ఇంత పెద్ద బలహీనత ఉండటమే కాక, దాన్ని పైకి చెప్పుకునే అలవాటు కూడా ఉన్నందుకు జాలిపడి, మంచి వైద్యుడికి చూపించుకోమని పంపేశారు.

తర్వాత కునుకు వచ్చాడు. కుర్చీ మెత్తగా ఉంది. అధ్యక్షులవారు బలహీనత గురించి అడిగేసరికి కళ్లు మూతలు పడ్డాయి. కాసేపటికి కళ్లు తెరిచి, "ఎంత ఒత్తిడిలోనైనా ప్రశాంతంగా ఉండగలనండీ" అన్నాడు.

అధ్యక్షులవారు లేచి చేతులు జోడించారు. "ఎంతోమంది ఈ మాట చెప్పారు. చేసి చూపించినవాడు ఇతనొక్కడే. ఇటువంటి మహనీయుడి చేతిలో ప్రజల సొత్తు ఉండటం ప్రజల అదృష్టం!"

భార్య పెట్టె విప్పింది. కునుకు గోదాములో దుప్పట్లు పరుచుకుని విధుల్లో చేరాడు. నెల తిరక్కుండానే దొంగలు వచ్చి సరుకంతా తీసుకుపోయారు. అతను కప్పుకున్న దుప్పటిని కూడా నిద్ర చెడకుండా లాగి మడతపెట్టుకుని మరీ పోయారు. విచారణలో ఇలా ఎందుకయిందని అడిగితే కునుకు, మాస్టారు నేర్పినట్టే, "వైఫల్యం నాకు పాఠం నేర్పిందండీ" అన్నాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు అదే కాబట్టి విచారణ ముగిసింది. ఆ తర్వాత ఖాళీ గోదాములో ఒక్క దొంగతనమూ జరగలేదు. ఆ ఘనతకు శాలువా కప్పారు. ఊళ్లో మిగిలిన వెచ్చటి బట్ట అదొక్కటే.

వరద వచ్చింది. పిల్లాపాపలతో గోదాము ముందు వణుకుతూ నిలబడిన జనాన్ని చూసి, ఎంత ఒత్తిడిలోనైనా ప్రశాంతంగా ఉండటం కాపలాదారును చూసి నేర్చుకోండని అధ్యక్షులవారు ఉపన్యసించారు. జనం చప్పట్లు కొట్టారు. కొడితే చేతులకు కాస్త వేడి పుడుతుంది.

కునుకు ఇంట్లో మాత్రం జీతం డబ్బుతో కొత్త బీరువా వెలిసింది, అందులో భార్య గాజులు రెండు జతలు చేరాయి. దొంగల భయంతో ఆమె కంటి మీద కునుకు లేకుండా పోయింది. ఒక సాయంత్రం ఆమె వెళ్లి పక్కవాటా తాతయ్యను పిలుచుకొచ్చి, వసారాలో కుర్చీ వేసి, రాత్రి కాపలాకు కుదుర్చుకుంది.

కునుకు నొచ్చుకున్నాడు. "అదేంటి, ఆయన్ని ఒక్క ప్రశ్నైనా అడక్కుండానే పెట్టేసుకున్నావా?"

"ప్రశ్నలెందుకండీ?" అంది భార్య, బీరువా తాళం లాగి చూసుకుంటూ. "ఇది మన సొంత సొమ్ము కదా!"