రెండో రాణి కన్నీళ్లు

సోమవారం ఉదయం 9.40కి లలితకుమారి దిల్‌సుఖ్‌నగర్‌లోని రాజు జిరాక్స్ షాపులో ఒక నోటుపుస్తకం ఇచ్చింది. ఆమెకు కావలసింది ఒక్క కాపీ. శనివారం ఉదయానికి మూడువందల నలభై కాపీలు జనం చేతుల్లో ఉన్నాయి.

ఆ రోజుకు ఆమె వేసుకున్న పథకం చిన్నది. పుస్తకం జిరాక్సుకిచ్చి, తిరుగుదారిలో కొత్తపేట రైతుబజారులో కూరలు కొని, పన్నెండున్నరకల్లా వంట ముగించాలి. రెండు గంటలకు భర్త భానుమూర్తి క్లాసుకు వెళ్లిపోతాడు. రెండు నుంచి ఆరు వరకు చైనా సీరియల్.

లలితకుమారి ముప్ఫై ఏళ్లు బడిలో సోషల్ చెప్పి రిటైరైంది. ఆ తర్వాత ఏడాదికి చైనా సీరియళ్లు పట్టుకుంది, ఆపైన కొరియా, ఆపైన జపాన్. చూసినదాని మీద అభిప్రాయం రాయకుండా ఆమె ఉండలేదు. సోషల్ టీచరు కాబట్టి రాయడం ఒక్క పద్ధతిలోనే వచ్చు: వరుస సంఖ్యలు, నీలం సిరా, ముఖ్యమైన చోట ఎర్ర గీత, పక్కన ఎపిసోడ్ నంబరు. సీరియళ్ల పేర్లు నోరు తిరగక దేశం పేరు మాత్రం రాసుకునేది.

తొమ్మిదో అంశం ఇలా ఉంది: "చైనా. స్త్రీ తలపాగా చుట్టుకుంటే సేనాధిపతి సైతం గుర్తుపట్టలేడు. గూఢచారి వ్యవస్థ బలహీనం." పదకొండు: "వైద్యుడు నాడి పట్టి గర్భం చెప్పగలడు, విషం పెట్టినదెవరో చెప్పలేడు. వైద్యరంగంలో అసమాన అభివృద్ధి." పద్నాలుగు, కింద రెండు ఎర్ర గీతలతో: "రెండో రాణి కన్నీళ్లను నమ్మరాదు (32)." ఇరవై రెండు: "కొరియా. సంపన్న కుటుంబాల వారసులకు లారీ ప్రమాదాలు అధికం. ఫలితం: జ్ఞాపకశక్తి కోల్పోవుట." చివర ఒక పట్టిక: జపాన్ 11, కొరియా 16, చైనా 48. ఏ దేశం ఎన్ని ఎపిసోడ్లలో కథ ముగిస్తుందో ఆ లెక్క.

జిరాక్సు అడిగింది కింది వాటాలో ఉండే అండాలమ్మ. ఆమెది నకిరేకల్ దగ్గర పల్లె. వీళ్లిద్దరూ ఒకే సీరియల్ ఎవరి ఫోన్లో వాళ్లు చూసి, సాయంత్రం మెట్ల మీద కూర్చుని తేల్చుకునేవాళ్లు.

"గా రాణులు ఆరుగురు, కొడుకులు తొమ్మిదిమంది. ఎవలు ఎవలకు ఏమైతరో నాకు యాదికుంటలేదు టీచరమ్మా. నువ్ రాస్కున్నది నాగ్గూడ ఒకటియ్యి" అని ఆదివారం అడిగింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పద్ధతి ఉంది. కోచింగ్ సెంటర్లలో పాఠాలు చెప్పేవాళ్లు తమ చేతిరాత నోట్సును జిరాక్స్ షాపుకు పంపి ఒక్క కాపీ అడుగుతారు. షాపువాళ్లు దాన్ని టైపు చేయించి, అట్ట వేసి, సారు పేరు పెట్టి అమ్ముతారు. సారు తనకేమీ తెలియనట్టు ఉంటాడు. క్లాసుకు జనం పెరుగుతారు. రాజు ఆ షాపు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. వచ్చినామె భానుమూర్తి సారు భార్య అని అతనికి తెలుసు. సారు చెప్పేది ప్రపంచ చరిత్ర. పుస్తకంలో రాజులు, రాణులు, మంత్రులు, ఎర్ర గీతలు ఉన్నాయి. అనుమానించడానికి కారణం ఏదీ అతనికి కనిపించలేదు. సాయంత్రానికి నీలం అట్ట మీద పేరు పడింది: "ఆసియా చరిత్ర, ముఖ్యాంశాలు. భానుమూర్తి సార్ నోట్స్."

భానుమూర్తికి అరవై నాలుగేళ్లు. గుంటూరు వైపు కాలేజీలో లెక్చరరుగా చేసి, తొమ్మిదేళ్లుగా ఇక్కడ గ్రూప్స్ రాసేవాళ్లకు పాఠం చెబుతున్నాడు. ఒకప్పుడు క్లాసుకు తొంభై మంది వచ్చేవారు, ఇప్పుడు పదిహేడు మంది. సెంటర్ డైరెక్టర్ త్రినాథరావు గడువు పెట్టాడు. శనివారం పదకొండింటికి అందరికీ తలుపులు తెరిచి ఒక డెమో క్లాసు, కెమెరా ముందు. హాలు నిండితే బ్యాచ్ ఉంటుంది. నిండకపోతే స్క్రీన్ మీద బొమ్మలు వేసి చెప్పే అభిరామ్‌కు పోతుంది. ఈ సంగతి భానుమూర్తి భార్యకు రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పలేదు, అన్నం తగ్గించాడు.

మంగళవారం క్లాసుకు అరవై రెండు మంది వచ్చారు. అందరి చేతుల్లో నీలం అట్టలు.

"మీ నోట్స్ సూపర్ సార్" అన్నాడు ముందు వరుసలో గౌతమ్. "తొమ్మిదో అంశంల గూఢచారి వ్యవస్థ బలహీనం అన్నరు. ఏ రాజవంశంల సార్?"

భానుమూర్తి ఆ పుస్తకం తీసుకుని అట్ట చూశాడు, తన పేరు చూశాడు, హాలు చూశాడు. ముప్ఫై ఏడేళ్ల సర్వీసులో ఆయన విద్యార్థి ముందు "నాకు తెలియదు" అన్న మాట అనలేదు.

"అన్నింట్లోనూ" అన్నాడు.

అరవై రెండు మంది రాసుకున్నారు.

"ఇరవై రెండు సార్. కొరియాల పైసలున్నోళ్లకు లారీ ప్రమాదాలెందుకెక్కువ?"

"పారిశ్రామికీకరణ" అన్నాడు భానుమూర్తి. అదీ రాసుకున్నారు.

క్లాసయ్యాక త్రినాథరావు వరండాలో ఎదురొచ్చాడు. "మీలో ఇంత మార్కెటింగ్ ఉందనుకోలేదు గురువుగారూ!" అన్నాడు. ఆ పుస్తకం త్రినాథరావే వేయించి ఉంటాడని భానుమూర్తి అప్పటిదాకా అనుకుంటున్నాడు. ఇప్పుడు ఎవరు వేయించారో అడిగితే తనది కాదని ఒప్పుకున్నట్టవుతుంది. నవ్వి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం భానుమూర్తి ఇంట్లో మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. తర్వాత గదిలో కూర్చుని, దినపత్రికలో చుట్టి తెచ్చిన పుస్తకం విప్పాడు. లలితకుమారి మజ్జిగ గ్లాసుతో లోపలికి వచ్చేసరికి ఆయన పెన్సిలుతో గీతలు గీస్తున్నాడు.

"లలితా, నువ్వు సోషల్ చెప్పావుగా. రెండో రాణి కన్నీళ్లను నమ్మరాదు అన్న మాట ఎక్కడైనా చదివావా?"

గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకండీ?"

"ఊరికే. పక్కన ముప్ఫై రెండు అని ఉంది. పేజీ నంబరనుకుంటా. ఏ పుస్తకమో దొరకడం లేదు."

"ఇది ఎవరు రాశారండీ?"

భానుమూర్తి పుస్తకం మూశాడు. అట్ట మీద ఆయన పేరు పైకి వచ్చింది. "నేనే" అన్నాడు.

లలితకుమారి అప్పుడే చెప్పవలసింది. నోరు తెరిచింది కూడా. కానీ కింద అండాలమ్మ ఫోన్ మోత విని, "ఆ సీరియళ్లు చూసేవాళ్లకి మెదడు మోకాల్లో ఉంటుంది" అని ఆయన అన్నది కిందటి నెలే. పైగా ఆయన అన్నం తినడం ఆమె మూడు వారాల తర్వాత చూసింది.

"రెండో రాణి మొదటి రాణి కొడుకుని చెరువులోకి తోయిస్తుందండీ. మళ్లీ అందరికంటే ముందు తనే ఏడుస్తుంది. ఆ ఏడుపు చూసి రాజు విచారణ ఆవిడకే అప్పగిస్తాడు. అందుకని నమ్మకూడదు."

"ఏ వంశం?"

"గుర్తులేదండీ. బట్టలు బాగుంటాయి."

"బట్టలా?"

"లైబ్రరీ పుస్తకం కదండీ, బొమ్మలున్నాయి."

భానుమూర్తి రాసుకున్నాడు. మరునాడు క్లాసులో చెప్పాడు. తొంభై నాలుగు మంది వచ్చారు.

గురువారం లలితకుమారి రాజు దగ్గరకు వెళ్లింది.

"ఆ పుస్తకం అమ్మడం ఆపు రాజూ."

"ఎందుకాపాలె మేడం? సారు నోట్స్ గిట్ల ఎన్నడు పోలే. అశోక్‌నగర్ కోచింగోళ్ల నుంచి గూడ ఫోన్లొస్తున్నయ్."

"అది ఆయన నోట్సు కాదయ్యా. టీవీ సీరియళ్ల మీద నేను రాసుకున్నది."

రాజు నవ్వాడు. "సార్లందరు గట్లనే అంటరు మేడం. మొన్న ఎకానమీ సారైతే ఇంటి కిరాణ లిస్టన్నడు. మీరు జర పరేషాన్ గాకున్రి." ఆమె ముందే ఇంకో ఇరవై కాపీలకు అట్టలు వేశాడు.

శుక్రవారం సాయంత్రం మెట్ల మీద అండాలమ్మ సంగతంతా విన్నది.

"సక్కగ పోయి చెప్పు. గాయన నీ మొగడు, చైనా రాజు గాదు తల నరకనీకె."

"ఇప్పుడు చెబితే రేపు క్లాసుకి వెళ్లరు అండాలమ్మగారూ. బ్యాచ్ పోతుంది."

"చెప్పకుంటె?"

"వెళ్లి కెమెరా ముందు ఇదే చెబుతారు."

"గట్లయితె పొద్దుగాల టిఫిన్ పెట్టినంక చెప్పు" అంది అండాలమ్మ. "నీతోని నేనొస్త."

శనివారం టిఫిన్ సిద్ధమయ్యేసరికి భానుమూర్తి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లిపోయాడు. క్లాసుకు ముందే ఆయనకు చెప్పాలని 10.50కి ఆడవాళ్లిద్దరూ కోచింగ్ సెంటర్ మూడో అంతస్తు చేరారు. హాల్లో నూట నలభై కుర్చీలు. అన్నీ నిండి గోడవార జనం నిలబడ్డారు, వేదిక దాకా వెళ్లే దారి లేదు. వెనక వరుసలో ఎవరో లేచి ఇద్దరికీ చోటిచ్చారు. త్రినాథరావు మొదటి వరుసలో ఉన్నాడు. అభిరామ్ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తలుపు పక్కన కూర్చున్నాడు. కెమెరా నడుస్తోంది.

11.20కి భానుమూర్తి పద్నాలుగో అంశానికి వచ్చాడు. నాలుగో వరుసలో ఒకమ్మాయి లేచింది. పేరు మౌనిక, ఊరు తుర్కయంజాల్, గ్రూప్-2 రాయడం మూడోసారి.

"పద్నాలుగో అంశం తప్పు సార్."

"ఏం తప్పమ్మా?"

"రెండో రాణి మంచిది సార్. పిల్లగాన్ని చెర్ల తోసింది వంటామె. నలభయ్యో ఎపిసోడ్‌ల తెలుస్తది."

"ఏ ఎపిసోడ్?"

"సీరియల్ సార్, చైనాది. మా అమ్మ, నేను ఇద్దరం చూసినం. నోట్స్‌ల నంబర్లన్ని ఎపిసోడ్ నంబర్లే. మాకు అల్కగ సమజ్ గావాల్నని మీరు గట్ల చెప్తున్నరనుకున్న."

ఆ సమయంలో లలితకుమారి చేయవలసిన పని ఒక్కటే, కూర్చోవడం. అండాలమ్మ ఆమె కొంగు పట్టుకుంది కూడా. కొంగు లాక్కుని లేచింది.

"తోసింది వంటావిడేనమ్మా. తోయమన్నదెవరు? ముప్ఫై రెండులో ఆ రాణి ఏడుస్తూ ఏం చేస్తోందో చూశావా? గాజులు సవరించుకుంటోంది. గుండె పగిలినవాళ్లు గాజులు సవరించుకుంటారా?"

"అది భయం ఆంటీ!"

"భయం కాదు, నటన."

"నలభైల మొదటి రాణి కాళ్లు పట్టుకుంటది కద ఆంటీ?"

"నలభై ఒకటి చూశావా?"

"ఇంక చూడలే."

"చూసి మాట్లాడు."

"నాకైతె గా పిల్ల చెప్పిందే నిజమనిపిస్తుంది టీచరమ్మా" అంది అండాలమ్మ.

"లలితా?" అని వేదిక మీద నుంచి వినిపించింది.

లలితకుమారికి తానెక్కడుందో అప్పుడు గుర్తొచ్చింది. "ఆ నోట్సు నాదండీ" అంది. "సీరియళ్లు చూస్తూ రాసుకున్నాను. అండాలమ్మగారి కోసం ఒక్క కాపీ ఇమ్మన్నాను."

త్రినాథరావు లేచి నిలబడ్డాడు. అభిరామ్ ల్యాప్‌టాప్ తెరిచాడు. భానుమూర్తి కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఈ నోట్సు నాది కాదు" అన్నాడు. "మంగళవారమే చెప్పాల్సింది. చెప్పలేదు."

"మరి గూఢచారి వ్యవస్థ సార్?" అన్నాడు గౌతమ్.

"నాకు తెలియదు."

"లారీలు సార్?"

"తెలియదు."

గౌతమ్ రెండూ కొట్టేశాడు. మౌనిక ఇంకా నిలబడే ఉంది.

"సార్, ఆ సీరియల్‌ల హీరో పరీక్ష రాస్తడు. సర్కారు నౌకరికి. చిన్న అర్రల దినాలకు దినాలు కూసోబెడ్తరు. గదన్న నిజమా?"

భానుమూర్తి నీలం పుస్తకం మూసి బల్ల చివరికి జరిపాడు.

"అది నిజం" అన్నాడు.

ఆ పరీక్ష గురించి ఆయన కాగితం చూడకుండా చెప్పాడు. పదమూడువందల ఏళ్లు నడిచిందని, 1905లో రద్దయిందని చెప్పాడు. అభ్యర్థులు తిండీ పక్కా మోసుకుని వచ్చేవారని, గేటు దగ్గర సోదా జరిగేదని, చొక్కా లోపలి వైపు పాఠాలు రాసుకుని దొరికిపోయినవాళ్లున్నారని చెప్పాడు. జుట్టు నెరిసేదాకా రాసి, పాసు కాక, ఊరికి వెళ్లి పిల్లలకు పాఠాలు చెప్పుకున్నవాళ్ల గురించి చెప్పాడు. గోడవార ఒకాయన, ఆరోసారి రాస్తున్నవాడు, కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాడు.

"నోటిఫికేషన్ ఎన్నేండ్లకోసారి పడేది సార్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"మూడేళ్లకోసారి" అన్నాడు భానుమూర్తి. "కాని పడేది."

హాలు చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగడానికి ఎక్కువ సమయమే పట్టింది. త్రినాథరావు కూర్చున్నాడు. అభిరామ్ ల్యాప్‌టాప్ మూసి పెన్ను అడిగి తీసుకున్నాడు. క్లాసు 12.35కి ముగిసింది. మధ్యలో లేచి వెళ్లినవాళ్లు లేరు.

సోమవారం నోటీసుబోర్డు మీద టైమ్‌టేబుల్ పెట్టారు. ప్రపంచ చరిత్ర, భానుమూర్తి, ఉదయం 10 గంటలు. నూట పద్దెనిమిది మంది చేరారు. క్లాసు ఉదయానికి మారడంతో మధ్యాహ్నం రెండింటికి ఆయన ఇంట్లోనే ఉన్నాడు. మొదటి ఎపిసోడ్‌లో రాజు వేసుకున్న బట్టలు ఆ వంశానివి కావన్నాడు. లలితకుమారి శబ్దం పెంచింది. నలభై ఒకటో ఎపిసోడ్ చేరడానికి వాళ్లకు పదకొండు రోజులు పట్టింది.

రాజు షాపులో ఆ పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. అట్ట మీద ఇప్పుడు "చైనా, కొరియా, జపాన్ సీరియళ్లు: ముఖ్యాంశాలు. లలితకుమారి మేడం" అని ఉంది. పద్నాలుగో అంశం మారలేదు. దాని కింద భానుమూర్తి చెప్పి వేయించిన వాక్యం ఒకటి చిన్న అక్షరాల్లో ఉంది: "దీనిపై చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి."