పాస్టర్ గారి కోటు గుండీ

శనివారం పొద్దున డెల్మర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, తుపాకికి గురి చూసే కొత్త రింగు బిగించాలి, మధ్యాహ్నం చర్చి మైదానంలో తుపాకి పందెం గెలవాలి.

అది వాళ్ల తాత ఉడతల తుపాకి. మూతిలోంచి మందూ, బఠాణీ గింజంత గుండూ కూరి కాల్చాలి. తాత దాన్ని గోడ మీంచి దించితే చాలు, కెంటకీ కొండల్లో ఉడతలు వీలునామాలు రాసుకునేవి. ఇప్పుడు డెల్మర్ కళ్లకి గొట్టం మీద గురి చూసే గాడి మసగ్గా కనిపిస్తోంది. మూడేళ్లుగా పందెం బావమరిది హోబర్ట్‌దే. "ఈసారీ ఓడితే తాత తుపాకి నీదేరా" అని పోయిన వారం నలుగురి ముందూ నోరు జారాడు డెల్మర్.

రింగు గొట్టం వెనక, కంటికి దగ్గరగా చక్కగా కూర్చుంది. ఇక అందులో సూదిమొనంత చిల్లున్న నల్లబిళ్ల బిగించాలి. అది కాస్తా వేళ్లలోంచి జారి, వంటింటి నేల మీద దొర్లి మాయమైంది. డెల్మర్ పొయ్యి కింద పాకాడు, పిల్లిని ఎత్తి చూశాడు. లేదు. కుర్చీ మీద పాస్టర్ ఎనాక్ గారి నల్లకోటు కనిపించింది. జేబు కుట్టమని డెల్మర్ భార్య వెర్డీకి ఇచ్చారాయన. దాని గుండీ సరిగ్గా బిళ్లంతే ఉంది. డెల్మర్ కత్తి తీశాడు.

"ఏమయ్యా, కోటుకి గుండీ ఏదీ?"

"నన్నడుగుతావేంటే? పిల్లినడుగు."

వెర్డీ గొణుక్కుంటూ చీపురు అందుకుంది.

పెరట్లో, రింగులో బిగించిన గుండీలోంచి చూస్తే, గురికోసం నిలబెట్టిన ఒక్క పలక నాలుగు పలకలైంది. గుండీకి నాలుగు చిల్లులు మరి. ఒక్కోటీ పరీక్షించాడు. మొదటి చిల్లు కొట్టం మీద గాలికి తిరిగే రేకు కోడి తోక తీసేసింది. రెండోది వెర్డీ బట్టల తొట్టెకి కన్నం పెట్టింది. మూడో గుండు ఇంకా కింద పడలేదని డెల్మర్ ఇప్పటికీ చెబుతాడు. నాలుగోది మాత్రం పలక మీద చెక్కిన ఇంటూ గుర్తు నడిబొడ్డున దిగింది. మిగతా మూడింటినీ పందికొవ్వుతో పూడ్చేసి మైదానానికి బయల్దేరాడు.

హోబర్ట్ మూడు గుండ్లలో రెండు గుర్తు మీద కొట్టాడు. డెల్మర్ మొదటి రెండూ కొట్టేశాడు. మూడో గుండు కూరి, చెంప ఆనించేసరికి ఎండకి కొవ్వు కరిగి కంట్లో కారింది. మళ్లీ నాలుగు పలకలు.

"ఏం బావా, ఏడుస్తున్నావా? తుపాకి మీద బెంగా?" అన్నాడు హోబర్ట్.

"కొవ్వురా."

"అది తెలిసిందేగా. పాస్టర్ గారూ, ఆ రింగులో ఏదో మోసముంది, చూడండి."

పందేనికి తీర్పరి పాస్టర్ ఎనాక్ గారే. వంగి చూశారు. వేలితో తుడిచి మళ్లీ చూశారు.

"డెల్మరూ, ఇది నా గుండీ కదయ్యా."

డెల్మర్ సిగ్గుతో తల దించాడు. దించిన కళ్లు సరిగ్గా పాస్టర్ గారి పొట్ట మీద ఆగాయి. అక్కడ, కోటుకి, పొద్దున పోయిన నల్లబిళ్ల.

"అది నా బిళ్ల కదండీ!"

"ఊడిస్తే దొరికింది, కుట్టేశాను. దేవుడే పంపాడనుకున్నా" అంది వెనకనుంచి వెర్డీ.

బిళ్ల లాగి చూశారు, రాలేదు. వెర్డీ కుట్టు అది. పాస్టర్ గారు తన గుండీ తీసుకుని జేబులో వేసుకున్నారు. కూరిన గుండు కాల్చి తీరాలన్నది అక్కడి నియమం. డెల్మర్‌కి మిగిలింది ఉత్త రింగు, కుండమూతంత బోసి కన్నం.

"తుపాకి మా ఇంట్లో పొయ్యి పైన గోడకి తగిలిస్తాలే బావా" అన్నాడు హోబర్ట్.

డెల్మర్ రింగులోంచి చూశాడు. చుట్టూ గుండ్రంగా వెలుగు. కన్ను తనంతట తనే నడిమికి చేరింది. గొట్టం చివర గురి చూసే ముల్లు, దాని మీద ఒకే ఒక్క పలక. ఢామ్మంది. మూడో గుండు గుర్తు నడుమ దిగింది. అంటే ఆ బిళ్ల అసలు అక్కర్లేనే లేదు.

తుపాకి డెల్మర్ ఇంటికే వెళ్లింది. బిళ్ల పాస్టర్ గారి కోటుకే ఉండిపోయింది, ఆనాటి నుంచి ఆదివారం ప్రసంగాల్లో ఆయన గురి ఒక్కసారీ తప్పలేదు.