వృద్ధ శునకాశ్రమంలో అడ్మిషన్లు

ఆ సోమవారం పొద్దున సూపర్‌వైజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, అందరికంటే ముందు ఆఫీసు చేరాలి, మీటింగులో మేడమ్‌కి ఎదురుగా కూర్చోవాలి, సాయంత్రానికల్లా పక్క ఊళ్ళో తెరుస్తున్న కొత్త బ్రాంచికి మేనేజరై ఇంటికి రావాలి. లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో ఏళ్ళ తరబడి అతని పని ఒక్కటే. ఎక్కడ ఏ లిఫ్టు ఆగిపోయినా, లోపల ఇరుక్కున్నవాళ్ళు ఫోనులో తిట్టే తిట్లన్నీ వినడం. మేనేజరుకైతే అద్దాల తలుపున్న గది ఉంటుంది, ఆ ఫోను ఉండదు. ఆ గది కోసం పాపం అతని ప్రాణం కొట్టుకుపోతోంది.

"పోటీలో క్యాషియరు కూడా ఉన్నాడన్నారుగా?" అంది భార్య.

"వాడా? వాడు నా ముందు ఎంత? వచ్చేటప్పుడు స్వీట్లు తెస్తా, చూస్తూ ఉండు."

తీరా మీటింగులో యజమానురాలైన మేడమ్ లిఫ్టుల ఊసే ఎత్తలేదు. "ఇవాళ పని గురించి వద్దు. మీకిష్టమైన సేవాసంస్థ ఏదో, దానికి ఎందుకు అండగా ఉంటున్నారో ఒక్కొక్కరూ చెప్పండి. మనిషి మనసు తెలియకుండా బ్రాంచి ఎలా అప్పగిస్తాను?" అంది.

జన్మలో ఎవరికీ చిల్లిగవ్వ ఇచ్చిన పాపాన పోలేదు సూపర్‌వైజరు. రిసెప్షనిస్టు లేచి ఉచిత అంబులెన్సు సంస్థ గురించి చెప్పింది. వాళ్ళ నాన్న మెట్ల మీద స్పృహ తప్పి పడిపోయిన రోజున, ముక్కూమొహం తెలియని డ్రైవరు ఆయన్ని భుజాన వేసుకుని కిందికి దింపాడట. తరవాత క్యాషియరు లేచాడు. చూపులేనివాళ్ళ లైబ్రరీకి పుస్తకాలు చదివి రికార్డు చేసి ఇస్తాడట.

"మా అమ్మకి చివర్లో చూపు పోయిందండి. చదువుతున్న నవల సగంలో ఆగిపోయింది. మిగతా సగం నేను చదివి వినిపించా. అప్పట్నుంచి అలవాటైపోయింది," అన్నాడు.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చనిపోయిన తల్లిని చూసి కుళ్ళుకోవడం మర్యాద కాదని తెలిసినా సూపర్‌వైజరుకి ఒళ్ళు మండిపోయింది. ఇంతలో తన వంతు వచ్చింది. దిక్కుతోచక కిటికీలోంచి బయటికి చూశాడు. ఎదురు షాపు మెట్ల మీద ఓ ముసలి కుక్క పడుకుని ఉంది. అంతే, నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాది వృద్ధ శునకాశ్రమం, మేడమ్. కుక్క వయసులో ఉన్నంతకాలం అందరికీ ముద్దే. పళ్ళూడాక దాని మొహం చూసేదెవరు? అందుకే మా పెరట్లోనే పెట్టుకున్నాం. ప్రతి ఆదివారం నా చేతుల్తో నేనే స్నానాలు చేయిస్తా."

"ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెప్పుకుంటే అది సేవ ఎలా అవుతుంది, మేడమ్?"

ఆ దెబ్బకి క్యాషియరు కూడా చప్పట్లు కొట్టాడు. సూపర్‌వైజరు అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి కూర్చున్నట్టే అనుకున్నాడు. అప్పుడంది మేడమ్, "అయితే ఈ ఆదివారం అందరం మీ ఆశ్రమానికే వస్తున్నాం. మేనేజరెవరో అక్కడే చెప్తా."

సంగతి వినగానే భార్య నెత్తి కొట్టుకుంది. "బల్లి కనిపిస్తే మంచమెక్కే మనిషి! మీకు కుక్కలేంటండీ?"

"ఒక్కపూట నాటకమేనే. మీ తమ్ముడున్నాడుగా, వాడు చూసుకుంటాడు."

తమ్ముడు బోర్డులు రాసే పెయింటరు. ధైర్యానికి పెట్టింది పేరు. "మీరు నిశ్చింతగా ఉండండి బావగారూ! ఆశ్రమమంటే ఏముంది? గేటుకి బోర్డు, పెరట్లో ఓ నీళ్ళ తొట్టి, నాలుగు గోనెసంచులు. మా వాచ్‌మన్ దగ్గర ఓ ముసలి కుక్కుంది, ఆదివారం పట్టుకొస్తా. మిగతావి డాక్టరు దగ్గరికి వెళ్ళాయని చెప్తే సరి," అన్నాడు.

శనివారం పొద్దున్నే బోర్డు వేలాడదీశాడు. 'వృద్ధ శునకాశ్రమం' అన్న పెద్ద ఎర్రక్షరాలు చూసి సూపర్‌వైజరు మురిసిపోయి ఆఫీసుకి వెళ్ళిపోయాడు. కింద చిన్నక్షరాలు చదివిన పాపాన పోలేదు. బావమరిది ఇన్నేళ్ళూ రాసినవన్నీ ట్యూషన్ సెంటర్ల బోర్డులే. చేయి అలవాటు పడిపోయి, మిగిలిన జాగాలో ఎప్పుడూ రాసేదే రాసేశాడు: 'అడ్మిషన్లు జరుగుచున్నవి. పరిమిత సీట్లు. ముందు వచ్చిన వారికి ప్రాధాన్యం.'

మధ్యాహ్నం భార్య ఫోను చేసింది. "ఏవండీ, ఎవరో వచ్చి సీటు ఉందా అంటున్నారు!"

"ఏం సీటే?"

"కుక్కకి సీటు!"

బావమరిది ఫోను లాక్కున్నాడు. "కంగారు పడకండి బావగారూ. ఒకటి రెండు నిజమైనవి ఉంటే నమ్మకంగా ఉంటుంది."

"సరే, ఒకటి రెండే సుమా!" అని సూపర్‌వైజరు, పాపం, ఒప్పుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పెరట్లో కాలు పెట్టే చోటు లేదు. చెవిటి కుక్కలు, గుడ్డి కుక్కలు, తన తోకని తానే చూసి మొరిగే కుక్క ఒకటి. ఒకాయన కౌన్సిలరు సిఫార్సుతో వచ్చాడట. ఒకావిడ కుక్కతో పాటు దాని దిండు కూడా ఇచ్చి, గేటు దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చిందట.

"అలా ఏడుస్తుంటే కాదని ఎలా అంటానండీ?" అంది భార్య, ఓ బోసినోటి కుక్కకి పాలు పోస్తూ. అంతలోనే ముక్కు మూసుకుని, "రేపు పొద్దున్నే వీటికి స్నానాలు చేయించకపోతే నేను పుట్టింటికి పోతా," అంది.

ఆ విధంగా ఆదివారం మేడమ్ ఆఫీసంతా వెంటబెట్టుకుని వచ్చేసరికి, సూపర్‌వైజరు తడిసి ముద్దై, నురగలో మునిగి, భయంతో వణుకుతూ ఓ గుడ్డి కుక్క వీపు రుద్దుతున్నాడు. అది నమ్మకంగా అతని మోకాలి మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. రిసెప్షనిస్టు కళ్ళు తుడుచుకుంది.

"నిజం చెప్పాలంటే మేనేజరు పోస్టు మీకేనని సోమవారమే అనుకున్నా," అంది మేడమ్. "ఇది చూశాక మనసు మార్చుకున్నా. మిమ్మల్ని ఇక్కణ్ణుంచి కదిలిస్తే ఈ మూగజీవాల గతేం కాను? ఆ పాపం నాకొద్దు. క్యాషియరుగారి సేవ ఆయన గొంతులో ఉంది, ఏ ఊరికైనా పట్టుకెళ్ళొచ్చు. కొత్త బ్రాంచికి ఆయన వెళ్తారు."

సూపర్‌వైజరుకి ఏడుపు తన్నుకొచ్చింది. పరువు పోతే పోయింది, పోస్టు దక్కితే చాలనుకుని ఒక్క ఉదుటున లేచాడు. "మేడమ్! ఇదంతా అబద్ధం! ఈ కుక్కలు నావి కావు. ఒక్కటంటే ఒక్కటి కూడా నాది కాదు!"

మేడమ్ స్టాఫు వైపు తిరిగింది. "విన్నారా? ఇంత చేసి కూడా 'నాది' అనడు!"

"అయ్యో, నేను వీటికి ఏమీ చెయ్యలేదు మేడమ్! నన్ను నమ్మండి!"

"వినయమంటే ఇదీ," అంది మేడమ్.

పెరడంతా చప్పట్లతో మారుమోగిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టింది అతని భార్యే.