మామగారి రెండు పూతలు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఆకాశం నిర్మలంగా ఉంది. తూర్పుగాలి తీగ మీది తడి బట్టను కదిలించేపాటి మాత్రమే వీస్తోంది. ఒడ్డున దిమ్మెల మీద నిలిపిన పడవ వెనుక, గడియారాలు బాగుచేసే అల్లుడు వెల్లకిలా పడుకుని కొలతలు తీసుకుంటున్నాడు.

పడవ మామగారిది, దాని మీద ప్రాణం మాత్రం అల్లుడిది. ఆరు నెలలుగా ఒక్క చేపా పడలేదని మామగారు దాన్ని అమ్మకానికి పెట్టారు. కొనడానికి ఒక కాంట్రాక్టరు తొమ్మిదింటికి వస్తున్నాడు. బేరం కుదిరేలోగా చేపల జాడ చూపిస్తే అమ్మకం మానుకుంటానని మాత్రం మామగారు మాట ఇచ్చారు. అందుకే అల్లుడు నీటి లోతునూ చేపలనూ తెర మీద చూపే ఫిష్‌ఫైండర్ కొన్నాడు. దానికి చెవి వంటిది ట్రాన్స్‌డ్యూసర్ అనే నల్లని బిళ్ళ. అది నీటిలోకి శబ్దాన్ని పంపి, అడుగునూ చేపలనూ తాకి తిరిగివచ్చే ప్రతిధ్వనిని వింటుంది. దానిని వెంట్రుకవాసి తేడా లేకుండా నాలుగు మరలతో బిగించి, ఏడింటికి అల్లుడు చేతులు కడుక్కోవడానికి ఇంట్లోకి వెళ్ళాడు.

మామగారు ముప్పై ఏళ్ళు గోడలకు రంగులు వేసినవారు. కదలకుండా ఉన్న వస్తువు ఏదైనా ఆయన దృష్టిలో రంగు వేయని గోడే. పెళ్ళైన కొత్తలో అల్లుడు ఆయన ఎదుట కుర్చీలో ఎక్కువసేపు కూర్చోవడానికి జంకేవాడు. కొనేవాడి కంటికి ఆ నల్లబిళ్ళ పుండులా కనిపిస్తుందని తలచి, మామగారు దానికి నీలం రంగు చిక్కగా రెండు పూతలు పూశారు. దానితో యంత్రం చెవి మూసుకుపోయింది.

తొమ్మిదిన్నరకు పడవ నీటి మీద ఉంది. అందులో మామగారు, ఆయన కూతురు, అల్లుడు, కొత్త బూట్లతో కాంట్రాక్టరు. యంత్రం తెర మీద గీత కూడా లేదు.

"ఏం అల్లుడుగారూ, మీ మిషన్‌కి కనీసం నీళ్ళయినా కనిపిస్తున్నాయా?"

"ఒక్క నిమిషం మామయ్యగారూ. ఇప్పుడే నిద్ర లేచింది."

"లేవగానే మీలాగే గోడకేసి చూస్తోందన్నమాట."

"ఊరుకో నాన్నా. ఏవండీ, ఇలా ఇవ్వండి. ఏదో ఒకటి నొక్కితే కదా తెలిసేది," అంటూ కూతురు ఒక మీట నొక్కింది.

తెర వెలిగింది. తొంభై అడుగుల లోతు, గుంపులు గుంపులుగా చేపలు. ఆమె నొక్కినది డెమో మీట. దుకాణానికి వచ్చినవారిని మురిపించడానికి, చుక్క నీరు లేకుండానే చేపలను ఆడించే బొమ్మ అది. ఆ సంగతి పడవలో ఎవరికీ తెలియదు.

"మామయ్యగారూ, చేపలు కనిపిస్తే అమ్మనన్నారు," అన్నాడు అల్లుడు, ముఖం చాటంత చేసుకుని.

అంతలో కాంట్రాక్టరు తెర మీదికి వంగాడు. "అబ్బో, సంతలా ఉందే. మిషన్‌తో సహా తీసుకుంటా. సాయంత్రమే బండి పంపిస్తా."

మామగారు మెత్తబడ్డారు. "ఇంత ముచ్చటపడే మనిషిని ఎలా కాదంటాం, అల్లుడూ?"

తాను బిగించిన మరలే పడవను అమ్మిపెట్టాయని అల్లుడికి అర్థమైంది.

"అదిగో, పెద్దది కుడివైపు పోతోంది. తిప్పండి," అన్నాడు కాంట్రాక్టరు.

కుడివైపు నీటి రంగు మారడం అల్లుడు చూశాడు. కానీ కొలత చెప్పే యంత్రాన్ని కాదని కంటి మాట వినడం అతని వృత్తిధర్మానికి విరుద్ధం. చుక్కాని తిప్పాడు. కింద గరగరమంది. పడవ ఇసుక మేట ఎక్కి కూర్చుంది.

మామగారు పంచె ఎగగట్టి దిగారు. "తొంభై అడుగుల నీళ్ళు నాకు మోకాలి దాకా వచ్చాయి. నేనింత పొడుగని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు."

"నీ కాళ్ళ కింద నుంచి ఇంకొకటి వెళ్ళింది నాన్నా," అంది కూతురు, తెర మీంచి చూపు తిప్పకుండా.

కాంట్రాక్టరు బూట్లు విప్పి చేత పట్టుకున్నాడు. "మీ పడవకో దండం, మీ చేపలకో దండం."

"మరి సాయంత్రం బండి?" అన్నారు మామగారు.

"బండి నాకే కావాలి, ఇంటికెళ్ళడానికి." అతడు నీళ్ళలో టపటపా నడుచుకుంటూ ఒడ్డుకు వెళ్ళిపోయాడు.

పడవను నెట్టబోయిన అల్లుడి చేతికి నీలం బిళ్ళ తగిలింది. గోటితో గీకి చూశాడు, కారణం బోధపడింది.

"దీనికి రంగు మీరే వేశారా, మామయ్యగారూ?"

"ఇంకెవరేస్తారు? బాగాలేదా?"

"చాలా బాగుంది," అన్నాడు అల్లుడు. పెళ్ళయ్యాక మామగారి పనిని అతడు మనస్ఫూర్తిగా మెచ్చుకోవడం అదే మొదలు. మరునాడే ఆ రంగును చెక్కముక్కతో నెమ్మదిగా గీకి, సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచాడు.

మేటెక్కిన పడవ కథను కాంట్రాక్టరు కనిపించినవారికల్లా చెప్పడంతో, దానిని కొనడానికి మరెవరూ రాలేదు. తొమ్మిదేళ్ళ తరువాత అతడు కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. నీళ్ళు కనిపించే వైపు కిటికీ పెట్టించలేదు.