మొదటి పేజీలో మా పెట్టుడు బట్టలు

దుకాణం నడపడానికి దుకాణం అవసరం లేదు! ఎస్‌ఈఓకు బడ్జెట్ ఉంటే చాలు. నెట్‌లో వెతికేవాళ్లకు మన వెబ్‌సైట్ అందరికన్నా పైన కనిపించేలా చేసే విద్య అది. కోరుట్లలో ఇరవై ఏళ్లుగా పెట్టుడు బట్టలు అమ్ముతున్న పురుషోత్తం రావును, అనుభవంతో చెబుతున్నాను.

పెట్టుడు బట్టలంటే తెలుసు కదా? పెళ్లిలో చుట్టాలకు పెడతాం. వాళ్లు కట్టుకోకుండా ఇంకో పెళ్లిలో ఇంకొకరికి పెడతారు. మేము అమ్మిన చీర ఒకటి రాయికల్, కొడిమ్యాల, రుద్రంగి తిరిగి, మడత విప్పకుండా మా ఇంటికే వచ్చింది. ఇన్ని ఊళ్లు తిరిగే సరుకు నెట్‌లో లేకపోతే ఎంత నామోషీ!

అందుకే దుకాణానికో వెబ్‌సైట్ పెట్టించి, జగిత్యాలలో ఎస్‌ఈఓ చేసే శ్రావణ్‌ను కలిశాను. "నెలకు పన్నెండు వేలు పెట్టుండ్రి సార్. పెట్టుడు బట్టలని ఎవ్వలు కొట్టినా మీరే ఫస్టు అస్తరు" అన్నాడు.

బడ్జెట్ అంటేనే త్యాగం! ముందు కస్టమర్లకిచ్చే చాయ్ ఆపేశాను. తర్వాత ఒక ఫ్యాను ఆపేశాను. అయినా చాలలేదు. చివరికి మెయిన్ రోడ్డు షట్టర్ ఖాళీ చేసి, వెనక సందులో మేడ మీది గదికి మారాను. కిరాయిలో సరిగ్గా పన్నెండు వేలు మిగిలాయి! బోర్డు కూడా పెట్టలేదు. నెట్‌లో ఫస్టున్నవాడికి బోర్డెందుకండీ?

మూడో నెలకల్లా మొదటి స్థానం మాదే! రోజుకు నలభై సార్లు వెతికి చూసుకుని మురిసిపోతున్నాను.

మా ఆవిడ రుక్మిణికి మాత్రం ఈ వైభవం అర్థం కాదు. "నెట్ల ఫస్టున్నరు, సరే. మూడు దినాల సంది బోణీ గాలే. పెండ్లిళ్ల సీజన్ల గూడ గిట్లనే ఉంటే దుకాణం బంద్ చేసుకునుడే" అంది.

నిన్న హబీబ్ మిఠాయి డబ్బాతో మెట్లెక్కి వచ్చాడు. మా పాత షట్టర్ కిరాయికి తీసుకున్నది ఇతనే. పెట్టిందీ పెట్టుడు బట్టల దుకాణమే.

"షుక్రియా రావు సాబ్! మీ వెబ్‌సైట్ల ఇంక పాత అడ్రసే ఉన్నది గదా. మంది ఫోన్ల చూసుకుంట సీదా నా దగ్గరికే అస్తున్నరు. నిన్న ఒక్క పెండ్లోల్లే నూట ఇరవై జతలు కొన్నరు. గా ఎస్‌ఈఓ మాత్రం ఆపకుండ్రి!"

వెంటనే శ్రావణ్‌కు ఫోన్ చేసి అడ్రసు మార్చమన్నాను. "మారిస్తే ర్యాంకు పడిపోతది సార్!" అన్నాడు. అమ్మో, ర్యాంకు! వద్దన్నాను.

హబీబ్ పోతూ పోతూ నాకొక జత బట్టలు పెట్టాడు. ఎవరి పెళ్లిలో పెట్టారో ఏమో, లేబుల్ మాత్రం మాదే. మెయిన్ రోడ్డు మీద దుకాణం ఉన్నప్పుడు నేను అమ్మిన జత.

ఈ మూడు నెలల్లో మా కొత్త దుకాణాన్ని వెతుక్కుంటూ వచ్చిన బట్టలు ఆ ఒక్క జతే. వాటి కోసం నేను పైసా ఖర్చు పెట్టలేదు.