దేవుడమ్మ చెప్పని నంబరు

ఆ బుధవారం పొద్దున గణేశ్వరరావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదికి ఆఫీసు తలుపు తియ్యాలి, తొమ్మిదింబావుకల్లా సర్వర్‌కి బ్యాకప్ పెట్టెయ్యాలి, తొమ్మిదిన్నరకి ఎదురు హోటల్లో పెసరట్టు తినాలి. ఇందులో అట్టు ఒక్కటే ఆలస్యమవుతుందేమోనని అతని అనుమానం.

ఆఫీసంటే నర్సీపట్నం మెయిన్ రోడ్డు పక్కన మేడమీద ఒక గది. బయట ‘దేవుడమ్మ పెళ్ళి సంబంధాలు’ అని బోర్డు. దేవుడమ్మ అతని అక్క, అతని పిలుపులో ‘అప్ప’. ముప్ఫై ఏళ్ళు భుజాన సంచీ వేసుకుని, రావికమతం నుంచి కృష్ణదేవిపేట దాకా ఊరూరా తిరిగి ఫొటోలూ జాతకాలూ పోగుచేసిన మనిషి. మూడేళ్ళ క్రితం తమ్ముడే బతిమాలి బామాలి ఆ కాగితాలన్నీ కంప్యూటరెక్కించాడు. అదైనా కళ్ళెదుట ఉన్న కంప్యూటరు కాదు, ఎక్కడో అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వరు. ఆ తర్వాత కాగితాల్ని చెదలు తినేశాయి. ఇప్పుడు మూడువేల ఎనిమిదివందల మంది పెళ్ళి ఆశలు ఒకే చోట, ఒకే కాపీగా ఉన్నాయి. అవి పోతే అక్కకి మొహం ఎలా చూపించాలో అతనికి తెలియదు. “మీ డేటాకు బ్యాకప్ రక్షణ లేదు” అని సర్వర్ కంపెనీ మెయిల్ పంపిన దగ్గర్నుంచీ రోజుకి పదిసార్లు దాన్నే తీసి చదువుకుంటున్నాడు.

ఆ సర్వర్ పెట్టిచ్చిన సూర్యప్రకాష్ విశాఖపట్నం నుంచి ఫోన్‌లో ఒక్కొక్కటే చెబుతున్నాడు.

“ఇప్పుడు మీకేం కనిపిస్తోంది సార్?”

“రెండు వరసలండి. రెండూ సర్వర్లే.”

“రెండా! అయ్యో, బ్యాకప్ నొక్కమంటే కొత్త సర్వర్ నొక్కేశారు. పర్లేదు, అది ఖాళీది. డిలీట్ చేసెయ్యండి. ఓటీపీ అడుగుతుంది, కొట్టెయ్యండి. నేను మీటింగ్‌లోకి వెళ్తున్నా, అరగంటలో నేనే ఫోన్ చేస్తా.”

గణేశ్వరరావు ఒక వరసకి టిక్కు పెట్టి డిలీట్ నొక్కాడు. ఓటీపీ వెళ్ళింది. ఖాతా అక్క పేరున ఉంది కాబట్టి, ఆవిడ ఫోనుకే వెళ్ళింది. ఆవిడేమో కృష్ణదేవిపేటలో ఒక సంబంధం మాట్లాడి షేర్ ఆటోలో తిరిగి వస్తోంది. గణేశ్వరరావు ఆవిడకి ఫోన్ చేశాడు.

“అప్పా, నేనే. నీ ఫోనుకి ఆరంకెల నంబరొచ్చుంటాది, బేగి సెప్పు. పది నిమిషాలే టైము.”

ఆటో చప్పుడులోంచి దేవుడమ్మ గొంతు వినిపించింది. “ఎవుడ్రా నువ్వు?”

“గణేసునప్పా!”

“గొంతు బాగానే దించావు. బేంకోలు మొన్ననే సెప్పారు, నంబరడిగినోడు దేవుడైనా సెప్పొద్దని. ఇప్పుడు అయినోల ఫోను నంబర్లూ గొంతులూ కూడా కంప్యూటర్లో తయారు సేత్తన్నారట. నువ్వు మా తమ్ముడివైతే ఒక్కటి సెప్పు. సిన్నప్పుడు జీడిసెట్టు మీంచి పడి కాలిరగ్గొట్టుకుంటే నిన్ను ఆస్పత్రికెవులు మోసుకెళ్ళారు?”

“ఇప్పుడా గోలేటప్పా! నాన్న!”

“దొంగ సచ్చినోడా! నాను మోసుకెళ్ళానురా, రెండు మైళ్ళు! నలభయ్యేళ్ళుగా సెప్తన్నాను. మా తమ్ముడైతే మర్సిపోతాడేటి?”

ఫోన్ కట్టయింది. గణేశ్వరరావు ఆ సంగతి నిజంగానే మరిచిపోయాడు. సిగ్గుపడడానికి కూడా టైము లేక మళ్ళీ ఓటీపీ పంపించాడు, మళ్ళీ ఫోన్ చేశాడు. ఆవిడ ఎత్తలేదు. ఇంకో రెండుసార్లు పంపించాడు. ఇంకోసారి. అయిదు మెసేజీలు వెళ్ళేసరికి దేవుడమ్మకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. ఇది పక్కా దొంగల పనే.

ఆవిడ తక్కువ మనిషి కాదు. ఆఫీసులోనే ఉన్న మరదలు కళావతికి ఫోన్ చేసింది. “అమ్మీ, మీ ఆయన బాగున్నాడేటి?”

కళావతి మొగుడి వైపు చూసి గొంతు తగ్గించింది. “ఏటో వదినా, మడిసి మడిసిలా నేరు. సెమటలు కారిపోతన్నాయి. పిలిత్తే పలకట్నేదు.”

అంతే. తమ్ముణ్ణి ఎవరో కత్తి పెట్టి కూర్చోబెట్టారని, మరదలు భయపడి ఆ ముక్క చెప్పలేకపోతోందని దేవుడమ్మ తేల్చేసింది. తను పెళ్ళి కుదిర్చిన కానిస్టేబుల్ అప్పలరాజుకి కబురందింది. ఆటోలో ఉన్న పదకొండు మందిలో ఏడుగురి పిల్లల ఫొటోలు ఆ సర్వర్లోనే ఉన్నాయి. ఆ ఏడుగురూ తలా నలుగురికి ఫోన్లు చేశారు. ఆటో ఊళ్ళోకి వచ్చేసరికి మెట్ల మీద నిలబడడానికి చోటు లేదు.

ఇదేమీ తెలియని గణేశ్వరరావు, నెట్టు నెమ్మదించినట్టుందని బల్ల కిందకి దూరి వైరు కదుపుతున్నాడు.

“ఇదిగో, ఇక్కడ నక్కాడు!” అని అప్పలరాజు కాలు పట్టి ఈడ్చాడు. తీరా మొహం బయటికొచ్చాక నాలిక్కరుచుకుని, “అయ్యయ్యో, మీరా గణేశ్వర్రావుగారూ! దొంగలు మెట్లు దిగేశారా అండీ?” అన్నాడు.

“దొంగలేంటయ్యా!”

“మా దేవి ఫొటో ఎవుడి కాడుందో ముందు సెప్పండి!” అని వెనక నుంచి, కూతురి ఫొటో ఇచ్చిన రాజులమ్మ కేకేసింది. ఆవిడ వెనక ఇంకో ముప్ఫై గొంతులు లేచాయి. గణేశ్వరరావుకి ఏడుపొక్కటే తక్కువ. బ్యాకప్ లేదు, ఓటీపీ లేదు, ఇక పరువు కూడా లేదనుకున్నాడు.

జనాన్ని తోసుకుంటూ దేవుడమ్మ లోపలికొచ్చింది. తమ్ముడి పంచె కాస్త పైకెత్తి మోకాలి కింద మచ్చ చూసింది. “ఈడే మావోడు,” అంది.

“ఇప్పుడైనా ఆ నంబరు సెప్పప్పా, నీకు దణ్ణం పెడతాను!”

“నాను సెప్పను. ముందు దేనికో పోలీసోడు సదవనీ.”

అప్పలరాజు ఆవిడ ఫోన్ తీసుకుని, ఇంగ్లీషుని కూడబలుక్కుంటూ తెలుగులో చదివాడు. “దేవుడమ్మ సంబంధాలు అనే సర్వర్‌ని... అందులో ఉన్న మొత్తం డేటాతో సహా... శాశ్వతంగా తీసెయ్యడానికి ఈ నంబరు వాడండి. తీసేశాక తిరిగి రాదు.”

గణేశ్వరరావు తెర వైపు తిరిగాడు. టిక్కు అసలు సర్వర్ మీదే ఉంది. ఖాళీది దాని కింద చల్లగా కూర్చుని ఉంది. అతను గబగబా ఆ టిక్కు తీసేశాడు. అక్క ముప్ఫై ఏళ్ళ కష్టాన్ని తుడిచేయడానికి తను అయిదుసార్లు నంబరు పంపించాడు, అయిదుసార్లూ ఆవిడ చెప్పలేదు.

అప్పుడే సూర్యప్రకాష్ ఫోన్ చేశాడు. ఈసారి అక్కని పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని, అప్పలరాజు చేత ప్రతి వరసా చదివించి, గణేశ్వరరావు బ్యాకప్ పెట్టాడు. జనం మెట్లు దిగారు.

“ఇంకొక్కటి సార్,” అన్నాడు సూర్యప్రకాష్. “ఎవరైనా పొరపాటున సర్వర్ తీసెయ్యబోతే ఒప్పుకోకుండా అడ్డుపడే ఏర్పాటుంది. అది కూడా పెట్టేద్దామా?”

గణేశ్వరరావు అక్క వైపు చూశాడు. ఆవిడ ఫోన్‌ని సంచీలో వేసి తాడు బిగించి ముడేస్తోంది.

“అది మాకు మొదట్నుంచీ ఉందండీ,” అన్నాడు.