స్లొవేకియాకు రేవు మంజూరు

ఉద్యోగి సెలవు మీద ఇంటికి వెళ్లాలంటే ముందుగా అతని దేశం అందుకు తగినదై ఉండాలి. ఈ మహాసూత్రాన్ని 1994లో లోకానికి ప్రసాదించిన ఘనత గల్ఫ్ దేశపు మెసైమీర్‌లోని మా పంపుల కంపెనీ సెలవుల విభాగానిది.

మిలోష్ స్లొవేకియా ఇంజినీరు. (ఆ దేశం విడిగా ఏర్పడి ఏడాదే అయింది. మా ఫారం దానికన్నా ఇరవయ్యేళ్లు పెద్దది.) మార్చి ఇరవైన భార్యకు కాన్పు అన్నారని మూడు వారాల సెలవు అడిగాడు. 'స్వదేశపు రేవు' అన్న గడిలో 'లేదు' అని రాశాడు.

గుమాస్తా శేషాచలం ఫారం తిప్పి పంపాడు. మిలోష్ పరుగున వచ్చాడు.

"మా చుట్టూ ఐదు దేశాలున్నాయి. ఉత్తరాన కొండలు, వాటి మీద మంచు. సముద్రం ఎక్కణ్ణుంచి తేను?"

శేషాచలం కాకినాడవాడు. సముద్రం లేనివాళ్లంటే జాలి. సూపరింటెండెంట్ రఫీయుద్దీన్‌కు చెప్పి చూశాడు.

"మా జగిత్యాలల ఉన్నదా సముద్రం? నేను బొంబాయని రాయలే?" అన్నారాయన. "దేశమన్నంక ఏదో ఒక రేవు ఉండాలె."

వాతావరణం గడిలో మూడే ఉన్నాయి: వేడి, మహా వేడి, ఉక్కపోత. జనవరిలో మైనస్ పదిహేను అని మిలోష్ రాస్తే, దాన్ని ఏసీ మరమ్మతుల విభాగానికి పంపారు. (వాళ్లు వచ్చి చూసి వెళ్లారు.)

మార్చి పన్నెండు వచ్చింది. "పోనీ, నదైనా లేదా సార్?" శేషాచలం అడిగాడు.

"డాన్యూబ్ ఉంది. మా రాజధాని బ్రాటిస్లావా దాని ఒడ్డునే. సరుకు పడవలొస్తాయి."

"ముందే చెప్పొద్దూ!" శేషాచలం తన చేత్తోనే 'బ్రాటిస్లావా రేవు' అని రాశాడు. గంటలో సెలవు మంజూరైంది. మిలోష్ అతన్ని కౌగలించుకున్నాడు.

మర్నాడు టికెట్ల విభాగం ఉత్తర్వు వచ్చింది: రేవు గల దేశస్థులకు విమానం చెల్లదు, ఓడలోనే వెళ్లాలి. ప్రయాణం ముప్పై రోజులు, సెలవు ఇరవై ఒకటి. సొంత ఖర్చుతో విమానమెక్కుతానన్నాడు మిలోష్. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. ఓడెక్కేటప్పుడు రేవులోనే ఇస్తారట.

"ఆ గడి రాసింది నేనే రఫీ భాయ్, కొట్టేస్తాను," అన్నాడు శేషాచలం.

"మంజూరైన రేవును కొట్టేసే అధికారం మనకు లేదు."

ఇరవై ఒకటో తేదీ పొద్దున మిలోష్ ఆఫీసు ఫోన్లో తన పసికూతురి ఏడుపు విన్నాడు. శేషాచలం గోడవైపు తిరిగి ఫైళ్లు సర్దాడు.

డిసెంబరులో యాజమాన్యం మిలోష్‌ను సన్మానించింది. 'కుటుంబం వంటి కంపెనీని ఏడాదంతా ఒక్కరోజైనా విడిచి ఉండలేనందుకు' అని ప్రశంసాపత్రం. ఫొటో తీసేటప్పుడు నవ్వమని అతనికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.